కిష్టవ్వ వెతికిన చెల్లెలు

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఆడపిల్లల వసతి గృహం ఒకటి ఉంది. పదకొండేళ్లుగా అక్కడ వంట చేసేది కిష్టవ్వ. సిద్దిపేట పక్క పల్లెలో నాట్లు వేసిన మనిషికి నలభై మందికి వండటం పెద్ద పనేం కాదు. ఆ సోమవారం పొద్దున మాత్రం సూపరింటెండెంట్ రశ్మి వంటింట్లోకే వచ్చింది.

"కిష్టవ్వా, ఇంకో ఇరవై మూడు మందికి వండాలె. పగటన్నం యాళ్లకు వస్తున్నరు."

"ఎవరు మేడం?"

"బర్మా పిల్లలు. పెద్దోళ్లెవరూ లేరంట వెంబడి."

పది రోజుల్లో ఆ ఇరవై మూడు ముప్పై ఒకటి అయింది. ఊళ్లు తగలబడితే సరిహద్దులు దాటి, ఎవరెవరి వెంటో రైళ్లెక్కి వచ్చిన పిల్లలు. పరుపులు నలభై, పిల్లలు డెబ్బై ఒక్కరు. అన్నం రెండు వాయిలు వండాల్సి వచ్చింది. తెల్లారితే స్నానాల గది ముందు కొట్లాట. దగ్గరి బడిలో కాగితాల్లేనిదే చేర్చుకోం అన్నారు. పాత పిల్లలు తమ దుప్పట్లు దాచుకోవడం మొదలుపెట్టారు.

కిష్టవ్వ కూతురు జమునకు ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో పని. "మన పిల్లలకే సీట్లు దొరుకుతలేవు. గింతమంది ఎన్ని రోజులుంటరు అవ్వా?" అని అడిగింది.

"నాకేం ఎరుక బిడ్డా. రేపటికి పప్పు సరిపోతదో లేదో, గదే నా ఫికర్."

అంత ఫికర్‌లో ఉన్న కిష్టవ్వకు ఒకరోజు చాపలు దులుపుతుంటే ఎండిపోయిన రొట్టెలు తొమ్మిది దొరికాయి. ఆ చాప మినారాది. తొమ్మిదేళ్లుంటాయేమో, వచ్చినప్పటి నుంచీ ఎవరితోనూ మాట్లాడని పిల్ల. కిష్టవ్వకు ఒళ్లు మండింది. "తినకుంట దాస్తవా? అవుతల పిల్లలు ఇంకోటి ఇయ్యమని ఏడుస్తున్నరు!" అని అందరి ముందూ అరిచింది. మినారా ఆ రొట్టెల మీద రెండు చేతులూ పరిచి ఏదో అంది. వాళ్లలో కాస్త ఉర్దూ వచ్చిన పెద్దపిల్ల ఒకతె విడమరిచి చెప్పింది. అవి చెల్లెలికట. చెల్లెలికి మూడేళ్లు, చెవి వెనక కాలిన మచ్చ ఉంటుందట. దిగిన రోజే ఎవరో ఎత్తుకుని వేరే బండిలో ఎక్కించారట.

కిష్టవ్వ తిన్నగా ఆఫీసు గదికి వెళ్లింది. రశ్మి కాగితాలన్నీ తిరగేసింది. మినారాకు తోబుట్టువులున్నట్టు ఎక్కడా లేదు.

"ఆరేండ్ల లోపు పిల్లల్ని శిశుగృహానికి పంపిన్రు. తండ్రి పేరు ఒక్కొక్క దాంట్ల ఒక్కొక్క తీరుగ రాసుంటరు. బేస్తారం పిల్లల సంక్షేమ కమిటీ కూసుంటది, అడుగుదాం."

బేస్తారమంటే గురువారం, ఇంకా మూడు రోజులు. కిష్టవ్వ కూరలో ఉప్పు మరిచిపోయింది. పొయ్యి దగ్గర్నుంచి గేటు దాకా, గేటు నుంచి పొయ్యి దాకా తిరిగింది. పిల్లను అందరిలో తిట్టిన మాట చెవుల్లోంచి పోలేదు. మర్నాడు పగటన్నాలు పెట్టగానే ఖైరతాబాద్ బస్సెక్కింది.

శిశుగృహం ఆయా అనురాధ గేటు తీయలేదు. "కాగితం లేంది లోపలికి రానియ్యం."

"రానులే. ఒక్క మాట చెప్పు. చెవెనక కాలిన మచ్చ ఉన్న పిల్ల ఉన్నదా?"

అనురాధ గేటు దగ్గరికి జరిగింది. "ఉన్నది. మాట రాదు దానికి. మూగదని రాసుకున్నం."

గురువారం కిష్టవ్వ వంట వేరేవాళ్లకు అప్పగించి రశ్మి వెంట కమిటీకి వెళ్లింది. బల్లకు అవతల పెద్దాయన వామన్‌రావు. "తండ్రి పేర్లు కలుస్తలేవమ్మా. ఆధారం కావాలె," అన్నాడు. ఆయన ముందు ఫైళ్లు మోచేతి ఎత్తున ఉన్నాయి.

"ఇద్దర్ని ఎదురెదురుంగ నిలబెట్టుండ్రి సారూ. మీరే చూస్తరు."

మర్నాడు నిలబెట్టారు. చిన్నది పరుగెత్తి రాలేదు. అక్కను చూసి మొహం తిప్పుకుంది. మినారా దగ్గరికి పోగానే రెండు పిడికిళ్లతో పొట్ట మీద కొట్టింది, కొడుతూ కొడుతూ అరిచింది, ఆ అరుపుల్లో మాటలు వినిపించాయి, మినారా పేరు కూడా. అనురాధ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వామన్‌రావు కళ్లద్దాలు తీసి, "ఇద్దర్నీ ఒక్క తాన ఉంచాలె. గట్లనే రాయుండ్రి," అన్నాడు.

అయితే అన్ని వయసుల వాళ్లనూ ఉంచుకునే చోటు ఊరి బయట ఎక్కడో ఉంది. శనివారం ఇద్దరినీ అక్కడికి పంపేశారు. బండి కదిలేటప్పుడు మినారా కిష్టవ్వ వైపు చూసింది గానీ నవ్వలేదు. ఇంకా కోపమే ఉందో ఏమో కిష్టవ్వకు తెలియలేదు.

సోమవారం మరో పదకొండు మంది దిగారు. కిష్టవ్వ ఎసరు దించి, చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి పోయింది. రశ్మి పేర్లు రాయబోతుంటే ఆపింది. ఉర్దూ వచ్చిన పెద్దపిల్లను ముందుకు పిలిచింది.

"పేర్లు తర్వాత రాస్కోండ్రి మేడం. ఎవరెంబడి ఎవరొచ్చిన్రో ముందుగాల అడగమనుండ్రి."

మూడో పిల్ల వెనక్కి తిరిగి, శిశుగృహానికి పోయే చిన్నపిల్లలతో ఇంకా ఆగి ఉన్న బండి వైపు వేలు చూపించింది. డ్రైవర్ తాళం తిప్పుతున్నాడు. "ఆపు, ఆపు!" అంటూ కిష్టవ్వ పరుగెత్తింది.