నాలుగు నల్లగీతలు

నన్ను నాలుగు పేర్లు దాచమన్నారు. మూడు దాచగలిగాను. నాలుగోది మా ఆవిడది. మీరు నవ్వితే నేనేమీ అనుకోను. మా ఇంట్లో మాత్రం ఆ వారమంతా ఎవరూ నవ్వలేదు.

అప్పట్లో నేను పెనుగొండ దగ్గర మా ఊరి చర్చి కమిటీకి సెక్రటరీని. ల్యాప్‌టాప్ ఉందన్న ఏకైక అర్హతతో ఎన్నికయ్యాను. మా క్వయర్‌లో ఈస్టర్ సోలో ఏటా సుగుణమ్మ టీచరుగారే పాడతారు. ఊళ్లో సగం మందికి పాట నేర్పింది ఆవిడే, మా ఆవిడ గ్రేసితో సహా. కాకపోతే కొన్నేళ్లుగా ఆవిడ గొంతు ఒక దారిన, కీబోర్డు ఒక దారిన పోతున్నాయి. ఆ సంగతి ఆవిడ ముఖాన చెప్పలేక క్వయర్‌లో నలుగురు కలిసి, ఈసారి సోలో ఇంకెవరికైనా ఇమ్మని కమిటీకి మెయిల్ పెట్టారు. కింద నాలుగు పేర్లు. చివరిది గ్రేసి.

"చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టెయ్యండి, అందరూ చూడాలి కదండీ. పేర్లు మాత్రం కనబడకూడదండోయ్," అన్నారు పాస్టరుగారు.

ఇంటికొచ్చేసరికి గ్రేసి గుమ్మంలోనే ఉంది.

"నా పేరు బయటపడితే టీచరుగారి మొహం చూడలేనండి. ఆవిడ నాకు అమ్మతో సమానం."

"మరి పేరెందుకు పెట్టావు?"

"ఆ సోలో వినలేకండి."

ఇక్కడ నా తెలివి గురించి కొంచెం చెప్పుకోవాలి. పేరు మీద నల్ల డబ్బా గీసి పంపేస్తే, ఎవరో దాన్ని వేలితో పక్కకి జరిపి కిందున్నది చదివేస్తారు. అది తెలివితక్కువవాళ్లు చేసే పని. నేను పేర్లు పూర్తిగా చెరిపేశాను. ఆ ఖాళీల్లో ఒకే పొడవు నల్లగీతలు పెట్టాను. అవి మరీ మొండిగా కనిపిస్తే, మర్యాదగా ఉంటుందని పక్కన 'గారు' కూడా చేర్చాను. ప్రింటు తీసి, మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్ చేశాను. గ్రేసి దాన్ని ఫోన్లో పెద్దది చేసి, అటూ ఇటూ లాగి చూసి, "ఏమీ కనబడట్లేదండి," అంది. పెళ్లయ్యాక ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

గ్రూపులో పెట్టిన అరగంటకి టీచరుగారు మా ఇంటికొచ్చారు. కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ తీశారు.

"ఇది మీరే తయారుచేశారా అల్లుడుగారూ?"

"అవునండి. పేర్లేమీ కనబడవండి."

"చాలా బాగా చేశారండి. మూడు గీతలకి గారు పెట్టారు. నాలుగోదానికి లేదేంటండి?"

చూశాను. లేదు.

"పాలబ్బాయిని కూడా గారు అంటారు మీరు. ఊళ్లో మీరు గారు అనని మనిషి ఒక్కరే కదండీ," అని వంటింటి వైపు తిరిగారు. "అమ్మాయ్ గ్రేసీ, ఇలా రా."

గ్రేసి వచ్చి, తల వంచుకుని ఏడ్చింది. నాకు నిజంగా సిగ్గేసింది.

"శ్రుతి తప్పుతోందని నాకూ తెలుసే. ఆ మాట నువ్వే వచ్చి చెప్తే సంతోషించేదాన్ని," అన్నారు టీచరుగారు. "ఈస్టర్‌కి నువ్వే పాడు."

గ్రేసి పాడింది. మర్నాడే, వచ్చే ఏడు సోలో ఇంకెవరికైనా ఇమ్మని కమిటీకి ఇంకో మెయిల్ వచ్చింది. కింద అయిదు పేర్లు. మొదటిది సుగుణమ్మ టీచరుగారిది. పక్కనే ఆవిడ రాసిన ముక్క: "నా పేరు దాచనక్కర్లేదండి."

ఆ రోజే ల్యాప్‌టాప్ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరి పేరూ దాచను. ఇంట్లో మా ఆవిడని గారు లేకుండా పిలవను. ఇప్పటిదాకా తప్పలేదు. పొద్దున్నే, "గ్రేసిగారూ, కాఫీ ఇస్తారా?" అని అడుగుతాను.

"పెట్టుకోండి," అంటుంది.