ఇసుకలో మిగిలిన పుస్తె

మొన్న శుక్రవారం సారుగారి పిల్లలతో సముద్రం ఒడ్డుకు వెళితే, చెవులకు డిప్పలు తగిలించుకున్న తెల్లాయన ఒకడు, పొడుగు కర్ర చివరి పళ్ళెంలాంటిదాన్ని ఇసుక మీద ఆడిస్తూ నడుస్తున్నాడు. నేలలో ఇనుమున్నా బంగారమున్నా కూసే మిషను అది. దాని కూత నాకు కొత్త కాదు.

ఇక్కడ బహ్రెయిన్‌లో, అద్లియా పేటలో నేను పనిచేసే ఇంటి సారు హైదరాబాదు మనిషి, ఇంజనీరు. ఏడేళ్ళ కిందట సరదా పడి అలాంటి మిషనే తెచ్చుకున్నాడు. బయట వాడుకోవడానికి అనుమతి అడిగాడు గాని, రాలేదు. ఇక్కడ నేలలో దొరికే పాతవస్తువు సర్కారుదేనట, అడక్కుండా వెతకడం, తవ్వడం కూడదట. అందుకని నాచేత తివాచీ కింద చెంచాలు దాయించి, తనే వెతికి, తనే మురిసిపోయేవాడు. ఓసారి సోఫా కింద నా పిన్నీసు దొరికితే అమ్మగారిని పిలిచి మరీ చూపించాడు.

ఆ రోజుల్లోనే నా సూత్రాల తాడు తెగింది. అంట్ల సబ్బుకు నాని నాని పీచయిన తాడు, ఇదే ఒడ్డున పిల్లలకు పిచ్చుకగూళ్ళు కడుతుంటే పుటుక్కుమంది. పుట్టింటి పుస్తె అరచేతిలో పడింది. అత్తింటిది ఇసుకలోకి జారింది. పోటు వచ్చేదాకా చేతులతో జల్లించాను, దొరకలేదు. మా ఆయన మీనా సల్మాన్‌ రేవులో వెల్డింగు పని చేసేవాడు, క్యాంపు నుంచి శుక్రవారమే వచ్చేవాడు. తాళి పోతే మొగుడికి కీడని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. ఆ మిషను ఒక్క గంట తెమ్మని సారును బతిమాలాను.

"నా మెడలోది నేను తవ్వుకోడానికి ఎవరినడగాల సారూ?"

"తవ్వేటోళ్ళందరు గదే అంటరమ్మా."

పట్టుబడితే తన ఉద్యోగంతోపాటు నా వీసా కూడా పోతుందన్నాడు. ఆ రూలును నోటికొచ్చినట్టు లోపలే తిట్టుకుని, పోయినదాని చోట పసుపుకొమ్ము కట్టుకున్నాను. శుక్రవారం మా ఆయన రాగానే దాన్ని చూశాడు.

"పోయింది మీ పుట్టింటిదేటి, నాదేటి?"

"నీదే."

"మరేటే బెంగ? నానిక్కడే ఉన్నాను గదా."

కొమ్మును వేలితో ఓసారి తిప్పి చూసి, అన్నం పెట్టమన్నాడు. ఊరెళ్ళినప్పుడు కొత్తది చేయిస్తానన్నాడు. రెండేళ్ళకు నిద్రలోనే గుండె ఆగి, ఆ ఊరెళ్ళడమేదో పెట్టెలో వెళ్ళాడు.

ఊళ్ళో పదో రోజు మా మేనత్త నా మెడలో తాడు తెంపి, చేతిలో పడ్డదాన్ని చూసి, "ఒకటేనేటే? రెండోదేదే?" అంది. బహ్రెయిన్‌లో ఉందన్నాను. దాన్ని తియ్యడానికి అంత దూరం ఎవరెళ్తారని ముక్కు చీదుకుంది. అంత ఏడుపులోనూ ఆ మాటకు నా కడుపులో చల్లగా అనిపించింది.

మొన్న ఆ తెల్లాయన సరిగ్గా ఆ పిచ్చుకగూళ్ళ చోటికే వస్తుంటే, పిల్లలను పిలుచుకుని ఆ చోటనే చతికిలబడ్డాను. ఇంతలో కాపలా మనిషి వచ్చి, అనుమతి కాగితముందా అని అడిగి, ఖలాస్, ఇక చాలని చెయ్యూపాడు. ఆయన మిషను సంచిలో పెట్టుకున్నాడు. ఆనాడు తిట్టుకున్న రూలుకే ఈ పూట దణ్ణం పెట్టాను. నా పుస్తె సర్కారుదయ్యేంత పాతబడాలంటే ఎన్ని ఏళ్ళు పడతాయో నాకు తెలీదు. అందాకా అది అలాగే ఎవరూ తెంపకుండా ఉండనీ, పాతబడే పనేదో దాని బదులు నేను చూసుకుంటాను.