మరిచిపోయి తిన్న రొట్టె

ముప్పై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టిన మనిషి ఆవిడ. మడతలో అంగుళం తేడా వచ్చినా ఒప్పుకునేది కాదు. నమాజు విషయంలోనూ అంతే. మిషన్ల హోరులో కూడా వేళ తప్పనిచ్చేది కాదు. అలాంటి మనిషికి డెబ్బై దాటాక మరపు వచ్చిపడింది. మధ్యాహ్నం నమాజు చదివి, చాప మడిచి, కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకే, వేళ మించిపోతోందంటూ కంగారుగా లేచేది. ఒక్కోరోజు అదే నమాజు నాలుగుసార్లు. మోకాళ్లు వాచిపోయేవి.

కొడుకు సరుకు లారీ ఎక్కితే పది రోజులకు గానీ ఇల్లు చేరడు. భారమంతా కోడలి నెత్తినే. ఆమెది వీధి చివర కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. ఇందాకే చదివారని ఎంత చెప్పినా అత్తగారు నమ్మేది కాదు. తన నమాజు ఎగ్గొట్టించాలని చూస్తోందని మొహం ముడుచుకునేది. చివరికి కోడలు యజమానిని బతిమాలి భోజనం వేళ మార్పించుకుని, మధ్యాహ్నం ఇంటికొచ్చి అత్తగారి పక్కనే తనూ చాప వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆవిడ లేవబోయినా, ఇద్దరం కలిసే చదివాం కదా అంటే చాలు, కుదుటపడేది. కోడలి మాట నమ్మకపోయినా, పక్కన నిలబడి చదివిన మనిషి మాట నమ్మేది.

ఆ గండం గట్టెక్కిందనుకునేలోగా రంజాన్ నెల వచ్చింది. మధ్యాహ్నం మాత్ర తప్పకూడదని, అది ఖాళీ కడుపున వేయకూడదని డాక్టరు తెగేసి చెప్పాడు. అత్తగారు మాత్రం పగలంతా ఉపవాసం, రోజా, ఉండి తీరాలని భీష్మించుకు కూర్చుంది.

మొదటిరోజు కోడలు దుకాణం నుంచి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో నిలబడి రొట్టె తింటోంది. రోజా సంగతే గుర్తులేదు. కోడలు గుర్తుచేయకుండా మాత్ర, నీళ్లు అందించింది. గ్లాసు కింద పెట్టాక గుర్తొచ్చింది ఆవిడకి. చేతిలో మిగిలిన ముక్క చూసుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

"మరిచిపోయి తింటే రోజా పోదు అత్తమ్మా. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నాకు నేర్పింది మీరే. దేవుడే తినిపించాడనుకోవాలన్నారు."

ఆవిడ "నిజమే, నేనే చెప్పాను" అని కళ్లు తుడుచుకుంది.

మర్నాటి నుంచి కోడలు పొద్దున్నే రొట్టెను కంటికెదురుగా పెట్టి పనికి వెళ్లేది. అత్తగారు రోజూ మరిచిపోయేది, తినేది, మాత్ర వేసుకునేది, సాయంత్రం దాకా మళ్లీ రోజాలో ఉండేది. ఆవిడ మనసు నిమ్మళంగానే ఉంది. కోడలికే స్థిమితం లేదు. మరిచిపోవడం అత్తగారిదే అయినా రొట్టె పెట్టింది తను కదా. "ఒక్క రోజా కూడా పోలేదు కదే?" అని రోజూ సాయంత్రం అత్తగారు అడిగితే, ఎటో చూస్తూ ఊఁ కొట్టేది.

పన్నెండోరోజున మసీదు ఇమాంగారు కళ్లద్దాల కాడ ఊడిపోయి దుకాణానికి వచ్చారు. కోడలు మర బిగిస్తూ, తలెత్తకుండా, జరిగిందంతా చెప్పేసింది. తను చేసింది మోసమేనా అని అడిగింది.

ఇమాంగారు ముందు ఆవిడ ఏ మాత్ర వాడుతోందో, ఎప్పటినుంచి మరపో కనుక్కున్నారు.

"మందు మానలేని మనిషికి రోజా విధి కాదమ్మా. మతి నిలవని మనిషిని దేవుడు నిలదీయడు. ఆవిడ మీద లేని బరువు విషయంలో నువ్వేం మోసం చేస్తావు? ఆకలేసిన పెద్దావిడ ముందు రొట్టె పెట్టావు, అంతే" అన్నారు. అద్దాలు పెట్టుకుని, అటూ ఇటూ చూసి, "రేపట్నించి పక్కన ఓ అరటిపండు కూడా పెట్టు" అని నవ్వారు.

కోడలికి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆయన వెళ్లాక లోపలి గదిలోకి పోయి, అద్దాల పొడి అంటిన చేతులతోనే తనివితీరా ఏడ్చి, మొహం కడుక్కుని మళ్లీ పనిలో కూర్చుంది.

సాయంత్రం రోజా విడిచేవేళ అత్తగారు ఖర్జూరం నోట్లో వేసుకుని ఎప్పటిలాగే అడిగింది. కోడలు ఈసారి ఆవిడ మొహంలోకే చూసింది.

"పన్నెండయ్యాయి అత్తమ్మా. ఒక్కటీ పోలేదు."

అత్తగారు తృప్తిగా తలూపి, కోడలి గ్లాసులో తనే నీళ్లు పోసింది.