తీసిన చుక్క

గురువారం మధ్యాహ్నం మా మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమిటా అని నేను బయటికి వచ్చేసరికి మా బాపు మగ్గం గుంటలోంచి లేచి తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు. "ఫొటో పెద్దనాయిన పోయిండు బిడ్డా" అన్నాడు. సగం నేసిన చీర ఆ రోజంతా అట్లాగే ఉండిపోయింది.

ఆయన మాకు చుట్టం కాదు. నల్గొండలో మా వాడకట్టు చివర ఫొటో స్టూడియో నడిపేవారు. మీలో ఎవరైనా అక్కడ పెళ్లి ఫొటో దిగి ఉంటే, నల్లగుడ్డ కిందినుంచి "గడ్డం జర దించు బాబూ, పెండ్లాన్ని చూసి గంత భయమెందుకు?" అన్న గొంతు గుర్తుండే ఉంటుంది. వాడకట్టు పిల్లలందరికీ ఆయన ఫొటో పెద్దనాయిన, ఆయన భార్య పెద్దమ్మ.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. చదువు ముగిశాక, ఫొటోల వెనుక పేర్లు రాయడానికి ఆయన నన్ను పిలిచారు. తెగిన పోగులు అతికి అలవాటైన నా వేళ్లను చూసి, తర్వాత నెగటివులు దిద్దడం నేర్పారు. నెగటివులో తెల్లది నల్లగా, నల్లది తెల్లగా కనిపిస్తుంది. ముఖం మీది మచ్చను పెన్సిలుతో కప్పాలి. ఫొటోలు కడిగే మందు మరక నల్లగా పడితే సన్నటి కత్తితో గీకాలి. ఫొటో తీయడానికీ, మరక తీయడానికీ మనకు ఒకటే మాట. ఆ సంగతి నాకు అప్పుడు తోచలేదు.

స్టూడియో ఆయనకు బతుకుదెరువు. మనసు మాత్రం అమ్రాబాదు గుట్టల మీద ఉండేది. ఏటా వానలు తగ్గుముఖం పట్టగానే కెమెరా పెట్టె, మూడు కాళ్ల స్టాండు భుజానేసుకొని పోయేవారు. అక్కడ పైన, అడవి ఆగిపోయిన చోట, నడుంలోతు గడ్డి పెరిగే పచ్చిక బయలు ఒకటుంది. గుట్టలన్నీ కనబడేలా తీయొచ్చు కదా అంటే, "గుట్టల్ని ఎవ్వడన్న చూస్తడు. గడ్డి తలొంచిన కాడ చూడాలె" అనేవారు. ఆకాశాన్ని చట్రంలోకి రానిచ్చేవారు కాదు. గాలి ఆగేదాకా గంటలకొద్దీ నిలబడేవారు. ఇంటికొచ్చాక ఒక్క నెగటివునే పదిసార్లు అచ్చువేసి, దీపం కింద అరచేయి అడ్డం పెట్టి నీడలు తేలిక చేసి, చివరికి అంచు ఒక వేలెడు కత్తిరించి, "ఇగ ఊపిరాడుతది దీనికి" అనేవారు.

పెద్దమ్మ మాత్రం ఏనాడూ ఫొటో దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. "ఊరందరి ఆయుష్షు తీస్తనే ఉన్నవు. నాది గూడ డబ్బల పెట్టుకుంటవా?" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఒక ఏడు ఆమె కూడా గుట్టకు పోయింది. తిరిగొచ్చాక ఆయన నాకొక గాజు నెగటివు ఇచ్చి, "అంచులు శుభ్రం చేసి పెట్టెల పెట్టు బిడ్డా, నేనే అచ్చేస్త" అన్నారు. అంచులు చేశాను. అప్పుడు గడ్డి నడుమ, కుడివైపు, నువ్వుగింజంత నల్లచుక్క కనిపించింది. మందు మరక అనుకున్నాను. కత్తి మొనతో గీకి, చుట్టూ ఉన్న గడ్డిలో కలిసిపోయేలా పోచలు దిద్దాను. చూసి మెచ్చుకుంటారని ఆశపడ్డాను.

ఆ వారమే పెద్దమ్మకు జ్వరం పట్టుకుంది. దవాఖానకు పోయిన మనిషి తిరిగి రాలేదు.

దినాలకు ఫొటో కావాలన్నారు చుట్టాలు. ఆయన నన్ను వెంటబెట్టుకొని చీకటిగదిలోకి పోయి ఆ నెగటివు తీశారు. ఎర్రదీపం వెలుగులో కాగితం మందులో వేశారు. గడ్డి మెల్లగా తేలింది. పోచ పోచా వచ్చింది. ఆయన వంగి కుడివైపే చూస్తున్నారు. "ఇంక రావాలె" అన్నారు. గడ్డి ముదిరింది. "ఇంక రావాలె." కాగితం మొత్తం నల్లబడినా బయటికి తీయలేదు.

"గీడ ఒక చుక్క ఉండాలె బిడ్డా."

"మరక అనుకున్న పెద్దనాయినా. గీకేసిన."

ఆయన నెగటివును దీపానికెత్తి చాలాసేపు చూశారు.

"మంచిగ తీసినవు. జాడ గూడ తెలుస్తలేదు" అన్నారు. ఆ తర్వాత, నా వైపు చూడకుండా, "గది మీ పెద్దమ్మ. 'గంత దూరమైతె నా ఆయుష్షుకు ఏం గాదు, తియ్యి' అని పొయ్యి కూసున్నది" అన్నారు.

ఆ పచ్చిక ఫొటోనే మళ్లీ అచ్చువేసి గోడకు పెట్టి దండ వేశారు. పెద్దమ్మ తమ్ముడు చూసి, "ఊరందరికీ ఫొటోలు తీస్తివి బావా, మా అక్క అనెటాళ్లకు గడ్డి చూపిస్తవా?" అని గట్టిగానే అన్నాడు. "ఉన్నది. జర దూరమున్నది" అన్నారాయన. నా పేరు చెప్పలేదు. గడప దగ్గరే ఉన్నాను. నేనూ చెప్పలేదు.

స్టూడియోకు పోవడం మానేశాను. కొన్నాళ్లకు ఆయనే వచ్చి మా మగ్గం పక్కన కూర్చున్నారు. "నీ బిడ్డకు తీసుడు నేర్పిన, చూసుడు నేర్పలే. సగం పని నేర్పుడు నా తప్పు. తోలియ్యి తమ్మీ" అని బాపుతో అన్నారు.

మరుసటి ఏటినుంచి గుట్టకు నన్నూ తీసుకుపోయారు. తోడు బాపు తల్లి, మా అవ్వ. నందికొండ ఆనకట్ట పనికి పోయే జనంతో కిక్కిరిసిన బస్సులో దేవరకొండ దాకా పోయి, అక్కడ బస్సు మారాలి. "గడ్డి చూసేటందుకు ఇన్ని బస్సులా? మన కొట్టం ఎనుక లేదా గడ్డి?" అని అవ్వ దారిపొడవునా సాధించేది. "నీ గడ్డి బర్రె తింటది చిన్నమ్మా. నా గడ్డి ఎవ్వలు తినరు" అనేవారు ఆయన. మొదటి ఏడు నన్ను కెమెరా ముట్టనివ్వలేదు. "కూసో. ఏది మరకనో, ఏది మనిషో తెలిసేదాక చూడు" అన్నారు. కోపంగా కాదు, పాఠం చెప్పినట్టు. పొద్దుగూకేదాకా చూశాను.

పోయిన ఏడు ఆయనకు ఆయాసం. పదడుగులకొకసారి కూర్చుంటూ గుట్ట ఎక్కారు. స్టాండు నిలబెట్టి, చట్రం కుదిర్చి, నన్ను నల్లగుడ్డ కిందికి పొమ్మని, తాను గడ్డిలోకి నడిచారు. కెమెరా అద్దం మీద అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. ఆయన తెల్లచొక్కా తలకిందులుగా చిన్నదవుతూ పోయింది.

"జర ఇటు రా పెద్దనాయినా! మొఖం కానస్తలేదు!" అని అరిచాను.

"ఎంత కానస్తున్న?"

"నువ్వుగింజంత!"

"సాలు. గాలి ఆగినంక తియ్యి."

గాలి చాలాసేపు ఆగలేదు. ఆయన అక్కడే కూర్చున్నారు.

మొన్న స్టూడియో అంతా వెతికినా ఆయన ఫొటో ఒక్కటీ దొరకలేదు. ఆ నెగటివునే నేను అచ్చువేశాను. పెన్సిలు పట్టలేదు, కత్తి పట్టలేదు. కాగితం మందులో వేసి కుడివైపు చూస్తూ నిలబడ్డాను. వచ్చారు.

పెద్దమ్మ ఫొటో పక్కనే పెట్టాను. అదే పచ్చిక, అదే చట్రం. పెద్దమ్మ తమ్ముడు దండ వేయబోయి ఆగి, తువ్వాల చెంగుతో అద్దం తుడిచాడు. ఊది మళ్లీ తుడిచాడు. "గీ మరక పోతలేదేంది బిడ్డా?" అన్నాడు.

"గది మరక గాదు మామా, పెద్దనాయిన" అన్నాను. ఆ తర్వాత పక్క ఫొటో మీద వేలు పెట్టి, ఇంకో చుక్క ఉండవలసిన జాగా చూపించి, దాన్ని తీసేసింది నేనేనని చెప్పాను. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. మామ తువ్వాల దించి, ఆ గడ్డినే చూస్తూ ఉండిపోయాడు.