మూల తెగిన ఉత్తరం

ఆ స్టాంపు ఎవడు కత్తిరించాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసుంటే వాడి గుమ్మం ముందు నిలబడి నాలుగు దులిపేసి వచ్చేదాన్ని. ఆ రోజుల్లో పై దేశం నుంచి రంగూన్‌కి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ సర్కారువాళ్ళు విప్పి చూసేవారు. చదివితే చదివారు, పైనున్న రంగుల స్టాంపు మీద కూడా ఎవరి కన్నో పడేది.

మా బావ ఓడలో కళాసీగా వెళ్ళి, చివరికి జర్మనీలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో వలలు బాగుచేసే పనిలో కుదిరాడు. అక్క రంగూన్ నడిబొడ్డున పబేడాన్ పేటలో, పప్పుల కొట్టు మీది వాటాలో అత్తగారి దగ్గర ఉండేది. నేను అదే ఊళ్ళో ఇంకో పేట, తామ్వేలో అమ్మానాన్నలతో ఉండేదాన్ని.

ఎనభై ఎనిమిదిలో సర్కారు మీద తిరుగుబాటు వచ్చిన ఆ వానాకాలం వీధి నిండా ఊరేగింపులు, వెనకే తుపాకులు. మేం రోజుల తరబడి ఇల్లు కదల్లేదు. సరిగ్గా అప్పుడే బావ ఉత్తరం పబేడాన్ చేరింది. మడిచి అంటించే నీలం కాగితం, అడ్రసు మిషను మీద కొట్టించింది, రాసిందెవరో దస్తూరీ చూసి పోల్చుకునే వీల్లేదు. స్టాంపుతోపాటు ఒక మూల మొత్తం తెగిపోయి ఉంది.

మావాళ్ళలో శుభవార్త అయితే ఉత్తరం నాలుగు మూలలా పసుపు రాస్తారు. చావు కబురైతే ఒక మూల తీసేస్తారు. అలాంటి ఉత్తరం గడప దాటి లోపలికి రాకూడదు, ఇంటివాళ్ళు చదవకూడదు. బయటి మనిషెవరైనా మెట్ల మీద నిలబడి చదివి చింపెయ్యాలి. అక్కకి నాకన్నా బాగా చదువొచ్చు. "నాను సదువుతానత్తా, ఒక్కసారి ఇయ్యండి" అని బతిమాలిందట. ముట్టుకోనివ్వలేదు. బయట కాల్పులు జరుగుతుంటే బయటి మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు? ఉత్తరం మెట్ల మీద ఇటుక కింద ఉండిపోయింది. అది రావడానికే నెలలు పట్టుంటుంది కాబట్టి పదోరోజు ఎప్పుడో దాటిపోయిందని పెద్దవాళ్ళు లెక్కగట్టి, ఉత్తరం వచ్చిన మూడోరోజు పొద్దున్నే అక్క గాజులు పగలగొట్టేశారు.

కాల్పులు కాస్త తెరిపివ్వగానే అక్కని చూద్దామని నేను ఆ మధ్యాహ్నమే సందులు పట్టుకుని అక్కడికి చేరాను. బావ తల్లి మెట్ల మీదే కూలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "వొచ్చినావా అమ్మా, నువ్వీ ఇంటి మడిసివి కావు, సదివీసి సింపీ" అంది.

విప్పాను. బావ దస్తూరీ. గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

"ఇక్కడి సముద్రం రోజుకి రెండుసార్లు ఊరు విడిచి వెళ్ళిపోతుంది. వెనక కనుచూపుమేర బురదే, మన ఏటి అవతల ట్వంటే ఊరి పొలాలు ఊడుపుకి దమ్ము పట్టినట్టు. జనం చెప్పులు విప్పేసి అందులో షికారు పోతారు. ఊరి చుట్టూ ఎత్తయిన గడ్డి గట్టు, దాని మీద గొర్రెలు. గట్టు లేకపోతే ఊరు మునిగిపోతుందట. ఇళ్ళు ఎర్ర ఇటుకవి, పైన రెల్లు కప్పు. గాలికి చెట్లన్నీ ఒక్క పక్కకే వంగిపోయాయి. పొద్దున్నైనా సాయంత్రమైనా ఒకటే పలకరింపు, అంతకుమించి ఎవరూ మాట్లాడరు. టీలో పటికబెల్లం ముక్క వేసుకుంటారు. నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వే గనక ఇక్కడుంటే..."

ఆ తర్వాత కాగితం లేదు. కత్తెర పడింది అక్కడే.

అక్క లోపలి గదిలోంచి అంతా వింది. బోసి చేతులతో గడప దగ్గరికొచ్చి నిలబడింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గాజులు తెమ్మన్నాను. అత్తగారు తలెత్తలేదు. "ఒకసారి తీసీసినాక మనంతట మనం ఎయ్యకూడదమ్మా. ఆడొచ్చి తన సేత్తో తొడగాల" అంది.

ఆయనెలా వస్తాడు? దేశం విడిచిపోయినవాణ్ణి మళ్ళీ గడప తొక్కనిచ్చే ప్రభుత్వమా ఇది? మొగుడు నిక్షేపంగా బతికుండగా మా అక్క బోసి మొహంతో, పక్కింటి పేరంటానికి కూడా వెళ్ళకుండా కూర్చోవాలి. తుపాకీ పట్టినవాళ్ళని తిట్టాలో, కత్తెర పట్టినవాణ్ణి తిట్టాలో, ఈ పెద్దవాళ్ళని తిట్టాలో తెలియక అందర్నీ కలిపి తిట్టాను. ఎదురింటి బర్మావాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

జరిగిందంతా నేనే బావకి రాశాను. జవాబు రావడానికి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా అక్క చేతులు అలాగే ఉన్నాయి.

ఉత్తరం వచ్చిందంటే పరిగెత్తాను. ఆ గొర్రెల ఊళ్ళో పసుపు ఎలా సంపాదించాడో, మూలలకి దట్టంగా పట్టించాడు. మూడు మూలలే ఉన్నాయి. నాలుగోది స్టాంపుతో సహా మళ్ళీ ఎవడో కత్తిరించుకుపోయాడు.

అత్తగారు చెంగు నోటికడ్డం పెట్టుకుంది. అక్క ఎవరినీ అడగలేదు. గడప దాటి వచ్చి నా చేతిలోంచి ఉత్తరం లాక్కుంది. మూడు మూలలూ వేలితో గట్టిగా రుద్ది, ఆ పసుపు నుదుటికి పెట్టుకుంది. ఆ తర్వాత తన రెండు చేతులూ నా ముందుకి చాపింది.

"నీ గాజులు తియ్యి," అంది, "నాకు తొడుగు."