గ్లెండాకు దక్కిన ముళ్ళమడి

మూర్ఛ బస్సు నడుపుతుండగా రాలేదు, ఇంట్లో టీ పెట్టుకుంటుండగా వచ్చింది. అదొక్కటే అదృష్టం. గ్లెండా హెస్లప్ ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేసరికి డ్రైవింగ్ లైసెన్సు పోయింది, దాని వెనకాలే ఉద్యోగమూ పోయింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మొగుడు ఎప్పుడో ఇంకొకావిడ ఇంటికి మకాం మార్చేశాడు. ఇక చేసేదేముంది? కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీధిలో పోయే ప్రతి బస్సునూ చూసి, ఇది ఆలస్యం, అది మరీ ముందొచ్చింది అని గొణుక్కుంటూ కూర్చునేది.

అది చూడలేకపోయింది బెరిల్. బెరిల్ ఆర్క్‌లెస్ గ్లెండాకు చిన్ననాటి స్నేహితురాలు. బొగ్గుగని మూతపడినా ఆ ఊళ్ళో గనివాళ్ళ కూరగాయల మళ్ళు మాత్రం మిగిలాయి. సముద్రం వైపు వాలులో వరసగా ఉండే ఆ మళ్ళను కౌన్సిల్ ఏడాదికింత అని అద్దెకిస్తుంది. ఆ మళ్ళు సాగుచేసేవాళ్ళ సంఘానికి బెరిల్ కార్యదర్శి.

"ఒక మడి ఖాళీగా ఉందే, తీసుకో" అంది బెరిల్ ఒక నవంబరు సాయంత్రం.

"మళ్ళ కోసం జనం ఏళ్ళ తరబడి వరసలో ఉన్నారు కదే. నాకెలా ఇస్తావు?"

"వరసలో ఉన్నవాళ్ళందరికీ చూపించాను. చూసి దణ్ణం పెట్టి పోయారు."

మర్నాడు వెళ్ళి చూస్తే ఎందుకు పోయారో గ్లెండాకు అర్థమైంది. మడి అని పేరే గానీ అక్కడ మన్నన్నది కనిపించలేదు. ఇటు కంచె నుంచి అటు కంచె దాకా మనిషెత్తు బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు. వాటి నడుమ కూలిపోయిన అద్దాల పాక ఒకటి పక్కటెముకల్లా చువ్వలు బయటపెట్టి ఉంది. పాత కౌలుదారు ముసలితనంలో మంచాన పడ్డాక ఆ గేటు తీసినవాడు లేడు.

సంఘం షరతు ఒకటే. ఈస్టర్‌కు ముందు వచ్చి చూస్తారు, అప్పటికి పావు మడి అయినా శుభ్రం చేసి తవ్వి ఉండాలి. లేకపోతే మడి వెనక్కి.

"ఏం తల్లీ, దారి తప్పావా? బస్టాపు అటువైపు" అన్న మాట కంచె అవతలి నుంచి వినిపించింది.

పక్క మడి విల్ఫ్ టర్న్‌బుల్‌ది. డెబ్బై దాటిన ముసలాయన. తలమీద ఉన్ని టోపీ, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పుల్లవిరుపు మాట. ఆయన మడిలో గడ్డిపోచ ఉండదు. ఆయన లోకమంతా లీక్‌లే. ఉల్లికాడల జాతే గానీ ఒక్కొక్కటీ మోచేయంత లావు పెంచి, శరత్కాలంలో జరిగే కూరగాయల పోటీలకు పట్టుకెళతాడు.

"ఇది నేను తీసుకున్న మడి" అంది గ్లెండా.

"తెలుసు. ఇందులో నేను సగం అడిగాను, నా లీక్‌లకి. నీకు ఇచ్చారు. పోనీలే, ఈస్టర్ ఎంతలో వస్తుంది! నాకేం తొందర లేదు."

"ఎదురుచూస్తూ కూర్చో పెద్దాయనా. కుర్చీ కావాలంటే తెచ్చిస్తా."

మాట అయితే అనేసింది గానీ, కొమ్మల కత్తెర పట్టుకుని పొదలోకి దిగితే ఆ ముళ్ళు మనుషుల్లా చొక్కా పట్టుకుని లాగాయి. ఒక తీగ కోస్తే అది మరో మూడు తీగలను పెనవేసుకుని ఉండేది. తోలు తొడుగులు వేసుకున్నా మణికట్ల నిండా గీతలే. చలికాలపు పొద్దు, మూడున్నరకే చీకటి పడిపోయేది. తడిసిన బూట్లతో ఇంటికి వెళ్ళి, వేడినీళ్ళ తొట్టిలో కూర్చుంటే ఒళ్ళంతా పచ్చిపుండు. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళేది. కోసిన ముళ్ళు ఓ మూల గుట్టగా పెరిగాయి, నేల కొంచెం కనబడసాగింది.

అప్పుడు బయటపడ్డాయి కార్పెట్లు.

కలుపు మొక్కలు లేవకుండా ఉంటాయని పాత కౌలుదారు ఎవరి ఇళ్ళలోంచో తీసేసిన కార్పెట్లన్నీ తెచ్చి పరిచాడు. ఏళ్ళు గడిచాయి. వాటి పైన మన్ను పేరుకుంది, మన్నులో గడ్డి మొలిచింది, ఆ గడ్డి వేళ్ళు కార్పెట్ నేతలోంచి కిందికి దిగి నేలతో కలిపి కుట్టేశాయి. గ్లెండా తాడు కట్టి లాగింది. పళ్ళపార దూర్చి పెకలించబోయింది. కార్పెట్ ఒక అంచున లేచి, మళ్ళీ బురదలో చతికిలబడింది. వాన మొదలైంది. మరోసారి లాగితే తాడు తెగి ఆమే వెల్లకిలా పడింది.

కంచె అవతల విల్ఫ్ పొయ్యి మీద కెటిల్ పెట్టుకుని, రొట్టె మధ్యన హామ్ ముక్కలు పెట్టుకుని తింటూ ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

అలా వారాల తరబడి పెనుగులాడింది. క్రిస్మస్ వెళ్ళిపోయింది, జనవరి మంచు కురిసింది, నేల ఇనుములా గట్టిపడింది. ఒకరోజు గ్లెండా బురద గడ్డ మీద కూర్చుని, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది. ఏడ్చింది కార్పెట్ కోసం కాదని ఆమెకూ తెలుసు. ఆ రాత్రి బెరిల్‌కు ఫోన్ చేసి, "నా వల్ల కాదే. ముసలాయనకే ఇచ్చెయ్" అంది.

బెరిల్ వాదించలేదు. "పొద్దున వెళ్ళి పనిముట్లు తెచ్చేసుకో. నేను ఇంటి దగ్గరే ఉంటా, వ్యాన్ కావాలంటే చెప్పు" అని ఊరుకుంది.

పొద్దున కాలిబాట మీద అద్దంలా గడ్డకట్టిన నీరు. గ్లెండా కంచె పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తుంటే, విల్ఫ్ మడి వైపు నుంచి బూతులు వినబడ్డాయి. తలెత్తి చూస్తే ముసలాయన ఎరువు బస్తా పక్కన కూలబడి ఉన్నాడు. ఒక పాదం పక్కకు వాలిపోయి ఉంది.

"అలా నిలబడి చూస్తావేం? సంతోషంగా ఉందా?" అన్నాడు. మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

గ్లెండా అంబులెన్సుకు ఫోన్ చేసింది. ప్రాణాపాయం కాదు గనక మధ్యాహ్నం దాటుతుందన్నారు. ఆ చలిలో మధ్యాహ్నం దాకా పడుంటే అసలు ప్రాణమే దాటిపోతుంది. గేటు లోపలికి ఏ వాహనమూ రాదు. వెంటనే బెరిల్‌కు చెప్పి, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వ్యాన్ గేటు దగ్గరికి తెమ్మంది. తర్వాత విల్ఫ్ ఒంటిచక్రపు బండిలో ఉన్న పేడ కుమ్మరించి, తన కోటు పరిచి, ముసలాయన చంకల కింద చేతులు వేసి ఎత్తింది.

"పేడ బండిలోనా నన్ను?"

"ఇంతకన్నా మంచి బండి ఉంటే పిలుచుకో. కాలు లోపల పెట్టుకో, గట్టిగా పట్టుకో."

"నీకు లైసెన్సు లేదుగా?"

"దీనికి అక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చో, మలుపు దగ్గర పడేస్తా లేకపోతే."

బాట పొడుగునా గుంతలే. ప్రతి గుంత దగ్గరా విల్ఫ్ దేవుణ్ణీ దెయ్యాన్నీ కలిపి తలుచుకున్నాడు. గ్లెండా మాత్రం ప్రతి గుంత ముందూ వేగం తగ్గించి, చక్రాన్ని పక్కగా పోనిచ్చి, మెల్లగా ఎక్కించింది. గేటు దగ్గరికి చేరేసరికి బెరిల్ వ్యాన్‌తో వచ్చి ఉంది. వ్యాన్లోకి ఎక్కిస్తుంటే విల్ఫ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, నా అద్దాల పాకలో లీక్ పిలకలున్నాయి. రాత్రి హీటర్ ఆరిపోతే అన్నీ చస్తాయి. వేరెవరినీ అడగలేను, అందరూ పోటీకి వచ్చేవాళ్ళే."

పనిముట్ల మాట మర్చిపోయి గ్లెండా ఆయనిచ్చిన పాక తాళంచెవి జేబులో వేసుకుంది.

ఆ తర్వాత రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ పాకకు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళాక ఊరికే తిరిగి రావడమెందుకని పక్కనున్న తన మడిలో ఓ గంట పని. బెరిల్‌కు మళ్ళీ ఫోన్ చేసి, "నేనన్నది వదిలెయ్" అంది. బెరిల్, "నేనెక్కడ పట్టుకున్నాను?" అంది.

ఫిబ్రవరిలో విల్ఫ్ కట్టుకాలితో, రెండు కర్రల మీద వచ్చాడు. పిలకల్ని ఒక్కొక్కటే ముట్టుకుని చూశాడు. బాగున్నాయనీ అనలేదు, బాగోలేవనీ అనలేదు. బయటికొచ్చి కంచె దగ్గర కుర్చీలో కూలబడి, కార్పెట్‌తో తగువు పడుతున్న గ్లెండాను చూసి ఆ పని గురించి మొదటిసారి నోరు విప్పాడు.

"మొత్తంగా లాగితే జన్మకి రాదు. పాత రంపం తీసుకుని చాపంత ముక్కలుగా కోసుకో. ఒక్కో ముక్క కిందా పార దూర్చి చాపలా చుట్టుకుంటూ రా."

గ్లెండా అలాగే కోసింది. మొదటి ముక్క వెన్నలా లేచి వచ్చింది. కింద నల్లటి మన్ను, సన్నటి వానపాములు.

ఆమె పార కింద పడేసి ఆయన వైపు తిరిగింది. "డిసెంబరు నుంచీ నీకిది తెలుసు."

"తెలుసు."

"నేను వెల్లకిలా పడుతుంటే రొట్టె తింటూ చూశావు."

"నువ్వడగలేదు."

"అడిగితే చెప్పేవాడివా?"

విల్ఫ్ కట్టుకాలు సర్దుకున్నాడు. "చెప్పేవాణ్ణి కాదు."

ఆమెకు కోపం వచ్చింది, దాని వెనకాలే నవ్వూ వచ్చింది. ముందు కోపం తీర్చుకుందామని కార్పెట్ ముక్క ఒకటి తీసి కంచె మీదుగా ఆయన శుభ్రమైన మడిలోకి విసిరింది. ఆయన దాన్ని కర్రతో పక్కకు నెట్టుకున్నాడు.

కార్పెట్లు పోయాక మిగిలింది గడ్డి వేళ్ళు, పగిలిన గాజు. తెల్లటి సేమ్యాల్లాంటి ఆ వేళ్ళలో వేలెడు ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. పళ్ళపారతో తిరగేసి, మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఏరాలి. గాజుపెంకులు ఒక బకెట్లోకి, వేళ్ళు ఇంకో బకెట్లోకి. గుర్రాల సాలవాళ్ళు ఊరికే ఇచ్చిన పేడ తెచ్చి పరిచింది.

గుడ్ ఫ్రైడేకు ముందటి శనివారం బెరిల్, ఆమెతో సంఘంలోని ఇంకొకాయన వచ్చారు. ఆయన మడికి అడ్డంగా నడిచి, నిలువుగా నడిచి పెదవి విరిచాడు. "ఇది పావు కాదు. కొంచెం తక్కువే ఉంది."

నిజమే, తక్కువే.

"విల్ఫ్, సగం అడిగినవాడివి నువ్వే కదా. నీ మాటేంటి?" అని అడిగాడాయన.

విల్ఫ్ కర్ర ఊని లేచాడు. "తక్కువే. కానీ ఆ కార్పెట్లు పీకి కింద తవ్వగల మనిషిని మీలో ఒక్కణ్ణి చూపించండి, అప్పుడు సగం అడుగుతా."

ఆయన బెరిల్ వంక చూశాడు. బెరిల్ ఆకాశం వంక చూసింది. మడి గ్లెండాకే ఉండిపోయింది.

వాళ్ళు వెళ్ళాక విల్ఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ, ఆ కంచె పక్కన నాలుగడుగులు ఇస్తే నా లీక్‌లకి..."

"ఇవ్వను."

"సర్లే. అడగడంలో తప్పేముంది."

గుడ్ ఫ్రైడే నాడు, అక్కడి ఆనవాయితీ ప్రకారం, ఊళ్ళో సగంమంది లాగే గ్లెండా కూడా బంగాళాదుంపలు నాటింది. మొలకల వైపు పైకి పెట్టి, ఒక్కో దుంపనూ జానెడు లోతున పెట్టి మన్ను కప్పింది. విల్ఫ్ కుర్చీలోంచి వరస వంకరగా ఉందన్నాడు. ఆమె వినిపించుకోలేదు. పని అయ్యాక నడుం నిమురుకుంటూ లేచి చూస్తే, మిగతా ముప్పాతిక మడిలో ముళ్ళతీగలు అప్పుడే లేత చిగుళ్ళు వేస్తున్నాయి. ఇంకా వెలుతురుంది. తోలు తొడుగులు వేసుకుని అటు నడిచింది.