లైన్‌మేన్ పెళ్లిచూపులు

పిడుగు పడి కరెంటు పోయిన ఊళ్లున్నాయి. గాలివానకు పోయిన ఊళ్లున్నాయి. పెళ్లిచూపులకు వచ్చిన వరుడి వల్ల రెండు రోజులు కరెంటు పోయిన ఊరు మాత్రం, నాకు తెలిసినంతలో, శ్రీకాళహస్తి పక్కన ఒకే ఒక్కటి ఉంది. ఆ వరుణ్ని నేనే. ఊరి పేరు చెప్పను. మానుతున్న గాయాన్ని గోకడం మర్యాద కాదు.

నా పేరు మునిరత్నం. మాది నగరి. ఇంట్లో నాలుగు మరమగ్గాలు. పడుగు చుట్టిన బీమును ఇద్దరు మోసే చోట నేనొక్కణ్నే భుజాన వేసుకుని మేడ మెట్లు ఎక్కేవాణ్ని. ఇరవై రెండేళ్లకే నూట పద్దెనిమిది కిలోలు తూగాను. మా అమ్మ దాన్ని పుష్టి అనేది. బస్సులో పక్క సీటువాళ్లు ఏమనేవారో ఇక్కడ రాయను.

ఒకసారి నూలు కోసం చెన్నై వెళ్తే, అక్కడొక మైదానంలో హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు పొట్టేళ్లలా గుద్దుకుంటున్నారు. గొడవ అనుకుని విడదీయడానికి వెళ్లి, చెరో చేత్తో ఇద్దర్ని ఎత్తి పక్కన పెట్టాను. వాళ్ల కోచ్ పరుగున వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు నా భుజాలు తడిమి, "రేపటినించి రా" అన్నాడు. అలా నేను అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాణ్నయ్యాను.

ఈ ఆట గురించి మీకు తెలియకపోతే సిగ్గుపడకండి. ఆడిన నాకే రెండేళ్లదాకా తెలియలేదు. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు పట్టుకుని పరుగెత్తుతాడు. చప్పట్లన్నీ వాళ్లకే. వాళ్ల మీదికి దూకే శత్రువులను అడ్డుకుని వెనక్కి తోయడానికి ముందు వరసలో ఐదుగురు నిలబడతారు. ఆ వరసలో వాళ్లను లైన్‌మేన్ అంటారు. ఎడమవైపు నిలబడే నన్ను లెఫ్ట్ గార్డ్ అనేవాళ్లు. నాలుగేళ్లు ఆడాను. ఒక్కసారి కూడా బంతి పట్టుకుని పరుగెత్తలేదు. బంతి లేదు, పరుగు లేదు, మునిరత్నం పేరు ఆటగాడు!

అయినా నా గిరాకీ తక్కువది కాదు. నాలుగేళ్లలో ఐదు జట్లు మారాను. చెన్నై జట్టు మూతపడితే బెంగళూరు తీసుకుంది. బెంగళూరు వాళ్లు పక్కింటికి చక్కెర బదులిచ్చినట్టు నన్ను హైదరాబాదుకు ఇచ్చారు. అక్కణ్నించి పుణే, పుణే నుంచి కొచ్చి. ఒకసారి కొత్త జట్టు బట్టలు వేసుకుని, అలవాటు కొద్దీ పాత జట్టు గుంపులోకి వెళ్లి నిలబడి, వాళ్ల ఎత్తుగడంతా విని తిరిగొచ్చాను. కావాలనే చేశాననుకుని మా కోచ్ నన్ను కౌగిలించుకున్నాడు. నేను కాదనలేదు. పొగడ్తను కాదనడం మా వంశంలో లేదు.

ఈ వైభవం మధ్యలో మా సుబ్రమణ్యం మామ నాకు సంబంధం తెచ్చాడు.

"పిల్ల పేరు హేమలత. శ్రీసిటీలో కంపెనీలో పని చేస్తా ఉండాది. వాళ్ల నాయన చెంగల్రాయుడు మర్యాదస్థుడు. అబ్బోడు ఏం చేస్తాడని అడిగితే ఏం చెప్పాల్రా?"

"లైన్‌మేన్ అని చెప్పు మామా" అన్నాను, ఛాతీ విరిచి.

మామ ముఖం విచ్చుకుంది. నా ఆట కీర్తి మామదాకా చేరిందని నేను మురిసిపోయాను. ఇంతకన్నా తెలివైనవాడైతే ఆ ముఖం చూసి అనుమానపడేవాడు. కానీ తెలివి ఉంటే నాలుగేళ్లు తలతో గుద్దే పని ఎందుకు చేస్తాను?

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ, నాయన, మామ, నేను వాళ్ల ఇంటికి వెళ్లాం. గాలి గట్టిగా వీస్తోంది. నేను కూర్చోగానే కుర్చీ ఒక మూలుగు మూలిగింది. చెంగల్రాయుడు నన్ను తలనుంచి పాదాలదాకా చూసి తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

"ఏమబ్బా, లైన్‌మేన్ పనంటే ప్రాణాలతో చెలగాటం గదా?"

"చెలగాటమే పెద్దాయనా. భయముండేవాడు ఆ పక్కకే రాకూడదు."

"దెబ్బలు తగిల్నాయా ఎప్పుడన్నా?"

"తగలకుండా ఎట్లుంటాది? పూటకు నలభై, యాభై తగుల్తాయి."

ఆయన చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. "యాభయ్యా! తగిలితే ఏం జేస్తావు?"

"పడతాను. లేస్తాను. మళ్లీ లైన్లోకి పోతాను."

"విన్నావా?" అన్నాడు ఆయన భార్యవైపు తిరిగి. "మరి జాగర్తలు ఏమన్నా ఉంటాయా నాయనా?"

"హెల్మెట్ ఉంటాది. భుజాలకు మెత్తలు కడతారు. నోట్లో రబ్బరు ముక్క పెడతారు."

"నోట్లో రబ్బరా? ఎందుకు?"

"పండ్లు రాలిపోకుండా."

"కొత్త రూలు కాబోలు" అని గొణుక్కుని, అసలు ప్రశ్నకు వచ్చాడు. "ఒకే చోట ఉండే పనేనా?"

"యాడ పెద్దాయనా! నాలుగేండ్లలో ఐదు జాగాలు మారినాను."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజాయితీగా ఉండేవాణ్ని ఒక జాగాలో ఉండనీరు గదా!" అని మా నాయన చెయ్యి పట్టుకున్నాడు. మా నాయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. దేనికో ఆయనకూ తెలియదు.

హేమలత బజ్జీల పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. తల వంచుకోలేదు. నేరుగా నన్నే చూసి అడిగింది: "మీ డ్యూటీలో బాగా కష్టమయింది ఏది?"

"ఎదురుగా ఉండేవాడు ముందుకొచ్చేటట్టు వచ్చి, టక్కున పక్కకు తప్పుకోవడం" అన్నాను.

అందరూ అర్థమైనట్టు తలలూపారు. ఆమె మాత్రం కనుబొమలు ముడేసి, పెదవులు బిగించి నవ్వు ఆపుకుంది.

సరిగ్గా అప్పుడే ఫ్యాను ఆగిపోయింది.

"పోయిందే!" అంది హేమలత తల్లి.

"పోతే పోనీలే" అన్నాడు చెంగల్రాయుడు, రాజులా నవ్వుతూ. "లైన్‌మేన్ మన ఇంట్లోనే కూసోనుండాడు గదా!"

ఇంటిల్లిపాదీ నావైపు తిరిగారు. గుమ్మం దగ్గర, కిటికీ దగ్గర గుమిగూడిన ఇరుగుపొరుగూ నావైపే తిరిగారు. అప్పుడు నా తలలో లైటు వెలిగింది. ఆ సమయంలో ఆ ఊరంతటికీ వెలిగింది అదొక్కటే.

మామవైపు చూశాను. మామ గోడమీద క్యాలెండర్లో ఏకాదశి ఎప్పుడో వెతుక్కుంటున్నాడు.

నిజం చెప్పడానికి అదే మంచి సమయం. 'అయ్యా, నేను తీగల లైన్‌మేన్ని కాను, ఆటలో లైన్‌మేన్ని' అంటే అయిపోయేది. కానీ అన్నేసి కళ్లు ఆశగా చూస్తుంటే వెనకడుగు వేయడం నా చేత కాదు. వెనకడుగు వేస్తే మా ఆటలో జీతం కోస్తారు.

"ఈ ఊరు నా సెక్షను కాదు పెద్దాయనా" అన్నాను గంభీరంగా. "ఇంకొకరి లైన్లో చెయ్యి పెడితే తప్పు."

"ఎంత క్రమశిక్షణో!" అని మెచ్చుకుని ఆయన వెంటనే ఫోను తీశాడు. "మా లైన్‌మేన్ పరమేశును పిలుస్తా. మీరూ మీరూ మాట్లాడుకోండి."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసులో కూర్చుని బజ్జీ తింటున్నాను.

పది నిమిషాల్లో పరమేశు మోపెడ్ మీద వచ్చాడు. మనిషి అగరుబత్తిలా ఉన్నాడు. నా చెయ్యి ఊపుతూ అడిగాడు: "ఏ లైను సూస్తా ఉండావన్నా?"

"అఫెన్సివ్ లైను" అన్నాను. ధైర్యంగా చెబితే అబద్ధం కూడా నిలబడుతుందంటారు. నేను చెప్పింది నిజమే, అందుకే నిలబడలేదు.

"ఆ ఊరు యాడుండాది?"

"ఊరు కాదప్పా. ముందు వరస."

"ఎన్ని కేవీ?"

"నూట పద్దెనిమిది" అన్నాను, కేజీలు అడిగాడనుకుని.

పరమేశు తల గోక్కున్నాడు. "నూట పద్దెనిమిది కేవీ యాడా లేదే! ఇంతకీ నీ పోస్టు ఏందన్నా?"

"లెఫ్ట్ గార్డ్."

"గార్డా!" పరమేశు చెంగల్రాయుడి వైపు తిరిగాడు. "ఈయప్ప లైన్‌మేన్ కాదు పెద్దాయనా. సబ్‌స్టేషన్లో వాచ్‌మేన్."

ఇక దాచడం కుదరక మొత్తం కక్కేశాను: ఆట, హెల్మెట్, ఐదు జట్లు. చెంగల్రాయుడు మీసం మీంచి చెయ్యి తీసి అడిగాడు: "అంటే, నువ్వు చేసే పని తొయ్యడమా?"

"అవును."

"అంతేనా?"

"అంతే. కానీ బాగా తోస్తాను."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధిలో ఎవరో పకపకా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

ఇంతలో బయటికి వెళ్లి చూసి వచ్చిన పరమేశు చెప్పాడు: "వీధి చివర స్తంభం గాలికి వాలి, తీగెలు ఒకటికొకటి తగుల్తా ఉండాయి. సబ్‌స్టేషన్‌కు చెప్పి లైన్ ఆపించినా. ఒక నలుగురు పట్టి నిలబెడితే, మళ్లీ వాలకుండా నేను స్టే వైరు బిగిస్తా."

"నలుగురెందుకు?" అంటూ నేను లేచాను. కుర్చీ కూడా నాతోపాటే లేచింది. దాన్ని ఊడదీసి పక్కన పెట్టి నడిచాను. నా వెనక ఊరు నడిచింది. హేమలత కూడా వచ్చింది.

స్తంభం ముందు నిలబడి, ఒక చెయ్యి నేలకు ఆనించి, నడుము వంచి, భుజం సిద్ధం చేశాను. జనం గుసగుసలు ఆపేశారు. పరమేశు స్టే వైరు పట్టుకుని, "మెల్లగా..." అన్నాడు. ఆ తరవాత ఏమన్నాడో నాకు వినబడలేదు.

తోశాను. స్తంభం కదిలింది. నిటారుగా నిలబడింది. చప్పట్లు మోగాయి. నాలుగేళ్లలో నాకోసం పడిన మొదటి చప్పట్లు! "సాలన్నా! ఆపన్నా!" అని పరమేశు అరుస్తున్నాడు. కానీ విజిల్ పడేదాకా ఆగకూడదని మా కోచ్‌లు ఐదుగురూ నేర్పారు. పరమేశు దగ్గర విజిల్ లేదు.

స్తంభం నిటారు దాటి, అవతలి పక్కకు ఒరిగి, చెంగల్రాయుడి గడ్డివామి మీద హాయిగా పడుకుంది. పోతూ పోతూ తీగలతో పక్క స్తంభాన్ని లాగింది. అది దాని పక్కదాన్ని లాగింది. దేవుడి దయవల్ల ఎవరికీ గీత కూడా పడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే మూడు స్తంభాలు పడుకుని ఉన్నాయి, నేనొక్కణ్నే నిలబడి ఉన్నాను.

మా ఆటలో దాన్ని విజయం అంటారు. ఆ ఊళ్లో వేరే మాట అన్నారు. వాళ్లు కాఫీ గ్లాసులు కడగకముందే మేము బస్సెక్కాం.

మూడో రోజు నా ఫోను మోగింది.

"నేను హేమలతను."

"క్షమించండి. గడ్డివామికి..."

"వామి సంగతి వదిలేయండి. మూడేండ్లుగా మా నాయన కొత్త స్తంభాలు కావాలని అర్జీలు పెడతా ఉండాడు. వంగిండాయి గానీ పడలేదు గదా అన్నారు. ఇప్పుడు పడినాయి. నిన్న వచ్చి వీధంతా కొత్తవి నాటిపోయినారు. ఊరంతా మీ పేరే చెప్పుకుంటా ఉండారు."

"మీ నాయన ఏమంటా ఉండాడు?"

"మంచినీళ్ల ట్యాంకు కూడా పాతబడింది, అబ్బోణ్ని ఇంగోసారి రమ్మను అంటా ఉండాడు." మెల్లగా అంది: "నేను మాత్రం ముహూర్తం పెట్టించమన్నాను."

తంతే బూరెల గంపలో పడ్డాడంటారు. నా విషయంలో తోసింది నేనే, పడిందీ నేనే.

ఇప్పుడు తిరుపతిలో పిల్లలకు వ్యాయామం నేర్పుతున్నాను. పెద్దమనుషులైన పాఠకుల ఎదుట, ఏడుకొండలవాడి సాక్షిగా, ఎడమ భుజం మీద కుడి చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ పెళ్లిచూపులకు వెళ్లి కరెంటు స్తంభం పడగొట్టను.

నా వెనక నిలబడి ఇది చదివిన హేమలత అంది: "ఇంగోసారి పెళ్లిచూపులకు పోయి సూడు. పడేది స్తంభం కాదు."